మిల్లు భోంగా నేర్పిన పాఠం

కామాఠీపురా పేరే కష్టజీవుల పేరు. తెలుగుదేశం నుంచి వచ్చి బొంబాయిలో ఇళ్ళూ బాటలూ కట్టిన కామాఠీల పేట అది. తరువాత తెలంగాణా నుంచి పద్మశాలీలు వచ్చి, చాళ్ళలో కాపురాలు పెట్టి, మిల్లుల్లో సాంచాలు నడిపారు. నేడు ఆ ఇళ్ళ మనుమలూ మనుమరాండ్రూ కంప్యూటరు ముందు కూర్చుని లెక్కలు వ్రాస్తున్నారు. ఫోనులో ఖాతాదారులకు జవాబులు చెబుతున్నారు. ఈ పనులు సైతం కృత్రిమ మేధ చేయనారంభించింది. మరి మన పిల్లల సంగతేమిటి?

ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. 1928లో బొంబాయి మిల్లుల్లో నేతగాడు రెండు సాంచాలకు మారుగా మూడు నడపాలన్నారు. లక్షన్నర మంది కార్మికులు దాదాపు ఆరు నెలలు సమ్మె చేశారు. వారి కోపం సాంచా మీద కాదు; మూడోది తన చేతికి వస్తే పక్కవాడి కూడు పోతుందన్న దిగులు. ఆ రోజుల్లో పనిలో పెట్టుకోవడం, తీసివేయడం చాలావరకు జాబరు చేతిలో ఉండేవి. అతని దయ ఉంటే బద్లీ పని. లేకుంటే మిల్లు గేటు వద్ద పడిగాపులు.

1982 జనవరి 18న మహాసమ్మె మొదలైంది. ఆ తరువాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1986లో కేంద్ర ప్రభుత్వం పునరావాస నిధి పథకం పెట్టింది. అర్హులైన వారికి జీతంలో మొదటి ఏడు 75 శాతం, రెండో ఏడు 50, మూడో ఏడు 25 శాతం భృతి. నాలుగో ఏడు సున్న. భృతి కడుపు నింపుతుంది గాని కొత్త పని నేర్పదు గదా!

జాబరు స్థానంలో నేడు మానవ వనరుల శాఖ ఉన్నది. హెచ్.ఆర్. అంటే మన పిల్లలందరికీ తెలుసు. ముంబయిలో ప్రధాన కార్యాలయం గల టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ 2025 జులైలో సుమారు 12 వేల మందిని తగ్గించనున్నట్టు ప్రకటించింది. కారణం కృత్రిమ మేధ కాదనీ, కొత్త పనులకు నైపుణ్యం పొసగకపోవడమేననీ సంస్థ అధిపతి చెప్పారు. ఆ మాటనే తీసుకున్నా, నైపుణ్యం పొసగేటట్టు ముందుగా చూడవలసిన శాఖ ఏది?

వరల్డ్ ఎకనామిక్ ఫోరం 2025 నివేదిక అంచనా ప్రకారం, 2030 నాటికి ప్రతి 100 మంది పనివారిలో 59 మందికి కొత్త శిక్షణ కావాలి. అందులో 11 మందికి అది అందకపోవచ్చు. ఆ పదకొండుగురు ఎవరో బద్లీల పిల్లలకు వేరే చెప్పాలా? నేడు కాంట్రాక్టు మీద పని చేసేవారే మొదట మిగిలిపోతారు.

కనుక మంచి మానవ వనరుల శాఖ చేయవలసినవి మూడు. ఏయే పనులు యంత్రానికి పోతాయో ముందుగా దాచకుండా చెప్పాలి. శిక్షణ పని వేళల్లో, జీతంతో ఇవ్వాలి. కాంట్రాక్టు వారినీ కూర్చోబెట్టాలి. బిల్లుల గుమస్తానే తీసుకోండి. యంత్రం బిల్లు చదివి పద్దు వ్రాస్తుంది. ఒక్కొక్కప్పుడు తప్పును కూడా ధీమాగా వ్రాస్తుంది. ఏ పద్దు అనుమానించాలో పాత గుమస్తాకు తెలుసు. ఆ ఎరుకనే పెట్టుబడిగా చేసుకుని, అతనికి యంత్రాన్ని తనిఖీ చేసే పని నేర్పవచ్చు.

మన ఇంటి పిల్లలు ఉద్యోగంలో చేరేటప్పుడు జీతమెంత అని అడుగుతాం. ఇకపై, “పని మారితే నేర్పేదెవరు? ఎవరి ఖర్చుతో?” అని కూడా అడగడం మంచిది.

మిల్లు భోంగా పాళీ మొదలు కాకముందే కూసేది. మనిషి లేచి, ముఖం కడుక్కుని, గేటు చేరడానికి వ్యవధి ఉండేది. ఈ కొత్త పాళీకి కూడా అంత వ్యవధి ఇవ్వడం యజమానుల ధర్మం.