కాలేయవ్యాధి ముదిరిన రోగికి ఇంటి పరిచర్య

శ్రావణమాసము వచ్చినదనగా ఉరుకుంద దారిలో బస్సులకును బండ్లకును లెక్క యుండదు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములవారే కాక కర్ణాటకమునుండియు, తెలంగాణమునుండియు భక్తులు ఈరన్నస్వామి దర్శనమునకు వచ్చుచుందురు. శ్రావణమున ఒంటిపూట భోజనము చేయువారును, ఉపవాసముండువారును పల్లెలలో పెక్కుమంది కలరు. ఆరోగ్యవంతునకు దీనివలన కీడు లేదు. కాని కాలేయము చెడిన రోగి ఉపవాసమునకు పూనుకొన్నచో అతని బలము త్వరలోనే క్షీణించును. భక్తితో కాకున్నను, పథ్యము పేరిట ఇట్టి ఉపవాసము మన గ్రామములలో ఏడాది పొడవునను జరుగుచునే యున్నది. ఈ విషయమును పంచాయతీ సభ్యులు తెలిసికొని పదిమందికి తెలుపవలసి యున్నది.

కాలేయము చేయు పని

కాలేయము కుడివైపు ప్రక్కటెముకల క్రింద ఉండును. మనము తిన్న ఆహారమునుండి వచ్చు శక్తిలో కొంతభాగమును ఇది నిలువచేసి, రాత్రి నిద్రించు వేళ శరీరమునకు అందించును. రక్తములోని విషపదార్థములను విరిచివేయును. మద్యపానమువలనను, హెపటైటిస్ బి, సి అను సూక్ష్మక్రిములవలనను, మధుమేహము, స్థూలకాయము గలవారికి కాలేయమున క్రొవ్వు పేరుకొనుటవలనను ఇది క్రమముగా గట్టిపడి ముడుచుకొనిపోవును. దీనినే వైద్యులు సిర్రోసిస్ అందురు. కావున కాలేయవ్యాధి వచ్చిన ప్రతివానిని త్రాగుబోతని నిందించుట అన్యాయము. త్రాగి తెచ్చుకొన్నవానికైనను నింద మందు కాజాలదు.

వికారము, వాంతులు

వ్యాధి ముదిరిన రోగిని మిక్కిలి బాధించునది వికారము. దీనికి కారణములు పెక్కు కలవు. పొట్టలో నీరు చేరి జీర్ణకోశమును నొక్కును; అందువలన నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండినట్లుండును. మలబద్ధము, కొన్ని మందులు, రక్తములో లవణముల హెచ్చుతగ్గులు కూడ వికారమును పెంచును.

రోగికి మూడుపూటల నిండుభోజనము పెట్టుటకు మారుగా, అదే ఆహారమును ఐదారు సార్లు కొలదికొలదిగా ఇయ్యవలెను. ఉదయము లేవగానే ఎండురొట్టె ముక్క గాని, బొరుగులు గాని నమిలినచో కొందరికి ఓకరింత తగ్గును. వేడివేడి కూరల వాసన పడనిచో చల్లారిన అన్నము పెట్టవచ్చును. పొయ్యి పొగ, తాలింపు ఘాటు తగులని చోట రోగి పడక నమర్చవలెను. తిన్న వెంటనే పరుండనీయక కొంతసేపు కూర్చుండబెట్టవలెను. నీటిని ఒక్కసారిగా గాక గుటక గుటకగా త్రాగింపవలెను. ఇంతమాత్రమున తగ్గనిచో వైద్యుడు వాంతులకు మందిచ్చును. పొట్టలోని నీరు అధికమైనచో సూదిద్వారా తీయించును. నీరు పోవుటకు మాత్రలు వాడుచున్న రోగికి వాంతులు గాని విరేచనములు గాని పట్టుకొన్నచో ఆనాడే వైద్యునికి తెలుపవలెను. లేనిచో మూత్రపిండములు దెబ్బతినును.

పథ్యము పేరిట పస్తు

కామెరలు కనబడగానే పప్పు, పాలు, గ్రుడ్లు మాన్పించి, చప్పిడి మజ్జిగన్నముతో నెలల తరబడి ఉంచుట మనవారి వాడుక. ప్రేమతో చేయు ఈ పని రోగికి హాని. ఇట్టి రోగికి శరీరపు బరువులో కిలో ఒక్కింటికి దినమునకు 1.2 మొదలు 1.5 గ్రాముల మాంసకృత్తులు అవసరమని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అనగా 50 కిలోల మనిషికి 60 మొదలు 75 గ్రాములు. పప్పు, పెరుగు, పాలు, వేరుశనగ, గ్రుడ్లు మన యింటనే దొరకును. రాత్రి పరుండబోవునపుడు ఒక గిన్నెడు పాలన్నమో, రాగిజావయో తప్పక ఇయ్యవలెను. తెల్లవారువరకు కడుపు ఖాళీగా నున్నచో శరీరము తన కండనే కరగించుకొనును.

తగ్గింపవలసినది ఉప్పు. దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు మించరాదు. ఊరగాయలు, అప్పడములు, ఎండుచేపలు, అంగడి బజ్జీలు మానవలెను. ఉప్పు తగ్గిన కూరకు నిమ్మరసము, కొత్తిమీర రుచి నిచ్చును. నీటిని తగ్గింపుమని వైద్యుడు చెప్పినగాని తగ్గింపరాదు. ప్రతిదినము ఒకే వేళకు బరువు తూచి వ్రాసికొన్నచో, పొట్టలో నీరు పెరుగుచున్నదో తగ్గుచున్నదో తెలియును.

మతి తప్పుట, దురద

పగలు నిద్రించి రాత్రి మేలుకొనుట, మాట తడబడుట, చాచిన చేతులు కొట్టుకొనుట మెదడునకు విషపదార్థములు చేరినట్లు తెలుపు గురుతులు. దయ్యము పట్టినదని భ్రమపడరాదు. మలబద్ధము దీనిని హెచ్చించును. ఇందులకే వైద్యులు లాక్టులోజ్ అను తీయని మందిత్తురు. దినమునకు రెండు మూడు మెత్తని విరేచనములగునట్లు దానిని వాడవలెను. విరేచనములగుచున్నవని మానివేయుట పొరపాటు. తీపివలన వికారము కలిగినచో నీటిలో కలిపి ఇయ్యవచ్చును. నిద్రమాత్రలు మాత్రము ఇయ్యరాదు.

దురద బాధించునపుడు వేడినీటి స్నానము మాని చల్లని నీటితో ఒడలు కడిగి, కొబ్బరినూనె రాచి, నూలుబట్టలు కట్టవలెను. గోళ్లు కత్తిరించి యుంచవలెను.

చేయరాని పనులు

మద్యము ఒక్క చుక్కయైనను తగదు. అయితే నిత్యము అధికముగా త్రాగువాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛలు రావచ్చును గనుక వైద్యుని చూపుతో మాన్పింపవలెను. పసరుమందులు పోయుట, వాతలు పెట్టుట కూడదు. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ సూదిమందు వేయించుట, ఐబుప్రొఫెన్ బిళ్లలు మ్రింగుట మిక్కిలి ప్రమాదకరము. వీనివలన రక్తస్రావము కలుగును, మూత్రపిండములు చెడును. పారాసిటమాల్ కూడ వైద్యుడు చెప్పిన మోతాదును మించరాదు.

రక్తపు వాంతి, తారువంటి నల్లని విరేచనము, జ్వరముతో కూడిన కడుపునొప్పి, మతి తప్పుట, మూత్రము తగ్గుట, నీరైనను నిలువని వాంతులు: వీనిలో ఏ ఒక్కటి కనబడినను తెల్లవారనిండని ఆగరాదు. 2005లో మన రాష్ట్రమున ఆరంభమైన 108 వాహనమును వెంటనే పిలువవలెను. ఆదోనిలో ప్రభుత్వ ఆసుపత్రి కలదు. అచ్చటికి సుమారు 100 కిలోమీటర్ల దూరముననున్న కర్నూలు సర్వజన వైద్యశాలలో జీర్ణకోశవ్యాధుల ప్రత్యేక విభాగము కలదు.

పంచాయతీ కర్తవ్యము

మన పడమటి పల్లెలలో వానలు లేని యేట కుటుంబములకు కుటుంబములే గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోవుచుండును. అప్పుడు మంచమున నున్న రోగికి వృద్ధులే దిక్కు. అట్టి యిండ్లను సభ్యులు గుర్తించి, రోగికి వేళకు అన్నము, మందు అందుచున్నవో లేవో ఆశా కార్యకర్తద్వారా కనుగొనుచుండవలెను. రాత్రివేళ కబురు పంపుటకు ఇరుగుపొరుగున ఒకరిని నియమింపవలెను.

హెపటైటిస్ బి గలవానితో కలిసి భుజించినంత మాత్రమున ఆ వ్యాధి అంటదు. రోగికి వేరు కంచము పెట్టి దూరముంచుట తగదు. అది రక్తముద్వారాను, ఒకరి సూది, క్షురకత్తి మరియొకరికి వాడుటద్వారాను, దాంపత్యముద్వారాను, కాన్పువేళ తల్లినుండి బిడ్డకును సోకును. రోగి భార్యాబిడ్డలకు రక్తపరీక్ష చేయింపవలెను. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమమున ఈ వ్యాధులకు పరీక్షలు, మందులు ఉచితముగా ఏర్పాటైనవి. పుట్టిన 24 గంటలలోపల బిడ్డకు టీకా వేయించినచో ముందుతరము ఈ వ్యాధినుండి తప్పించుకొనును. ఈ టీకాను మన దేశమున మొదట తయారుచేసి 1997లో విడుదల చేసినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థయే యని తెలుగువారు గర్వింపవచ్చును.

ముదిరిన వ్యాధి అందరికిని నయము కాకపోవచ్చును. కాని రోగి ఆకలితో, వాంతులతో, దురదతో బాధపడకుండ చూచుట మన చేతిలోని పనియే. శ్రావణమున ఇంటివారిలో ఆరోగ్యవంతుడు ఉపవాసముండి మ్రొక్కు తీర్చుగాక. రోగికి మాత్రము వేళకు అన్నము పెట్టవలెను.