ఒక్కడి క్యాసెట్ నుంచి నిండు బ్యాండ్ దాకా

పాట రాసి, బాణీ కట్టి, వాద్యాలన్నీ తానే వాయించి, తానే పాడి ఒక సంగీతకారుడు చేసే రికార్డును సోలో ప్రాజెక్ట్ అంటారు. మల్టీట్రాక్ రికార్డింగ్ దీన్ని సాధ్యం చేసింది. ముందు డ్రమ్స్ వాయించి ఒక ట్రాక్ మీదికి ఎక్కిస్తారు. దాన్ని హెడ్‌ఫోన్స్‌లో వింటూ బేస్ గిటార్, ఆ తర్వాత లీడ్ గిటార్, చివర్లో గాత్రం చేరుస్తారు. స్టూడియోలో ఇలా ఒక్కరే బృందమంతటి పనీ చేయవచ్చు. కచేరీలో అది కుదరదు. సోలో ప్రాజెక్ట్‌కు తోడు మనుషులు అవసరమయ్యేది అక్కడే. అయితే మనుషులు చేరిన రోజే అది బ్యాండ్ అయిపోదు. అందుకు ఎంత కాలం, ఎంత ఓర్పు కావాలో అమెరికన్ రాక్ బృందం ఫూ ఫైటర్స్ చరిత్ర చెబుతుంది.

ఈ బృందాన్ని మొదలుపెట్టిన డేవ్ గ్రోల్ అంతకుముందు నిర్వాణా బ్యాండ్‌లో డ్రమ్మర్. 1994 ఏప్రిల్‌లో ఆ బృందం గాయకుడు కర్ట్ కొబేన్ చనిపోవడంతో నిర్వాణా ముగిసిపోయింది. కొన్ని నెలలు సంగీతానికి దూరంగా ఉన్న గ్రోల్, అదే ఏడాది అక్టోబరులో సియాటిల్ దగ్గరున్న రాబర్ట్ లాంగ్ స్టూడియోకు వెళ్లాడు. తాను రాసి దాచుకున్న పాటలను సుమారు వారం రోజుల్లో రికార్డు చేశాడు. ఒక పాటలో మరో గిటారిస్టు వాయించిన చిన్న భాగం తప్ప డ్రమ్స్, బేస్, గిటార్, గాత్రం అన్నీ ఆయనవే. ఆ పాటలను క్యాసెట్లుగా తీయించి తెలిసినవాళ్లకు పంచాడు. తన పేరు బయటపడకుండా, విన్నవాళ్లు అదొక బృందమనుకునేలా ఫూ ఫైటర్స్ అని పేరు పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకాశంలో కనిపించిన అంతుచిక్కని వెలుగులను పైలట్లు పిలుచుకున్న పేరది.

క్యాసెట్ చేతులు మారి రికార్డు కంపెనీల దాకా వెళ్లింది. ఆల్బమ్ వస్తే ఊరూరా కచేరీలు చేయాలి. అందుకు మనుషులు కావాలి. అప్పుడే విడిపోయిన సన్నీ డే రియల్ ఎస్టేట్ అనే సియాటిల్ బృందం నుంచి బేస్ గిటారిస్టు నేట్ మెండెల్, డ్రమ్మర్ విలియం గోల్డ్‌స్మిత్ వచ్చారు. నిర్వాణా చివరి కచేరీల్లో వాయించిన ప్యాట్ స్మియర్ గిటార్ పట్టాడు. 1995 జులై 4న ఆల్బమ్ విడుదలైంది. కచేరీల్లో కనిపించింది నలుగురైనా, ఆల్బమ్‌లో వినిపించింది దాదాపు ఒక్కడే.

అసలు కష్టం రెండో ఆల్బమ్‌తో వచ్చింది. అన్ని వాద్యాలూ తెలిసినవాడి మనసులో పాట ముందే పూర్తయి ఉంటుంది. వాయించేది మరొకరైతే అది కొంత మారి తీరుతుంది. గోల్డ్‌స్మిత్ వాయించిన డ్రమ్స్‌లో చాలా భాగాన్ని గ్రోల్ తానే మళ్లీ రికార్డు చేశాడు. గోల్డ్‌స్మిత్ బృందం వదిలి వెళ్లిపోయాడు. ఆల్బమ్ 1997లో వచ్చి పెద్ద విజయం సాధించింది. అదే ఏడాది గాయని అలానిస్ మోరిసెట్ కచేరీల్లో వాయించే టేలర్ హాకిన్స్ డ్రమ్మర్‌గా చేరాడు. స్మియర్ కూడా తప్పుకున్నాడు.

మూడో ఆల్బమ్ నాటికి గ్రోల్, మెండెల్, హాకిన్స్ ముగ్గురే మిగిలారు. వర్జీనియాలో గ్రోల్ ఇంటి బేస్‌మెంట్‌లో స్టూడియో కట్టుకుని కలిసి పాటలు చేశారు. 1999లో వచ్చిన ఆ ఆల్బమ్‌లో రచయితలుగా ముగ్గురి పేర్లూ ఉన్నాయి. 2001లో దానికి ఉత్తమ రాక్ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం దక్కింది. అదే 1999లో గిటారిస్టు క్రిస్ షిఫ్లెట్ చేరాడు. కొన్నేళ్లకు స్మియర్ తిరిగి వచ్చాడు. 2005 నాటి ఆల్బమ్‌లో హాకిన్స్ తాను రాసిన పాటను తానే పాడాడు. ఒక్కడి క్యాసెట్‌గా మొదలైన పేరు మీద మరొకరు సొంత పాట వినిపించగలిగారంటే బ్యాండ్ ఏర్పడినట్టే. 2021లో ఫూ ఫైటర్స్‌కు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

ప్రతి సోలో ప్రాజెక్టూ ఈ దారే పట్టాలని లేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు చెందిన కెవిన్ పార్కర్ టేమ్ ఇంపాలా పేరుతో చేసే ఆల్బమ్‌లను చాలావరకు ఒక్కడే రికార్డు చేస్తాడు. కచేరీలకు మాత్రం బృందంతో వెళ్తాడు. ట్రెంట్ రెజ్నర్ 1988లో ప్రారంభించిన నైన్ ఇంచ్ నెయిల్స్‌లో 2016లో అట్టికస్ రాస్ చేరేదాకా శాశ్వత సభ్యుడు ఆయనొక్కడే. ఈ పద్ధతుల్లో తప్పేమీ లేదు. ఎవరి పాత్ర ఏమిటో అందరికీ ముందే తెలిసి ఉండటమే వాటి బలం.

సొంత పాటలతో మొదలై బృందాన్ని కట్టుకోవాలనుకునే యువ సంగీతకారులు మూడు విషయాలు తొలి రిహార్సల్ నాటికే తేల్చుకోవాలి: పాట మీద హక్కు ఎవరిది, వచ్చిన డబ్బు ఎలా పంచుకోవాలి, పాటలో మార్పులపై చివరి మాట ఎవరిది. వచ్చినవాళ్లను వాయించేవాళ్లుగానే చూస్తే అది సోలో ప్రాజెక్ట్‌గానే ఉంటుంది. తన పాటను మార్చే హక్కును మూలకర్త మనస్ఫూర్తిగా వాళ్లకు ఇచ్చినప్పుడే అది బ్యాండ్ అవుతుంది.