అరిగిన గేరు పిడికి మన వడ్రంగి వైద్యం

గొడ్డలి కామ విరిగితే గొడ్డలిని పారేసే రైతు ఉండడు. నాగలి మేడి అరిగినా, కొడవలి పిడి ఊడినా వడ్రంగి ముంగిట్లోకి వెళ్ళడం ఉమ్మడి వరంగల్ జిల్లా పల్లెల్లో తాతల నాటి అలవాటు. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ తెలివి మరుగున పడుతోంది. పాత కారు గేరు రాడ్డు మీది కర్ర పిడి కాస్త అరగగానే తీసి పారేసి, ప్లాస్టిక్ పిడి బిగించేస్తున్నారు. నిజానికి చాలాసార్లు చెడింది కర్ర కాదు. పైనున్న మెరుగు, లోపలున్న మర మాత్రమే. ఈ రెండింటినీ బాగు చేయడం మేడి చెక్కే చేతికి కష్టమైన పని కాదు.

పందెం కారులోనూ కర్రే

ఇనుప పిడి ఎండకు కాలుతుంది, చలికి జిల్లుమంటుంది. కర్ర వేడిని అంత త్వరగా పట్టదు, చేతికి హాయిగా ఉంటుంది. అందుకే పాత స్పోర్ట్స్ కార్లు పలువాటిలో కర్ర పిడులు కనిపిస్తాయి. ఫ్రాన్సులోని లెమాన్స్‌లో 1970, 1971లలో 24 గంటల పందెం గెలిచిన జర్మనీ కారు పోర్షే 917కు, బరువు తగ్గించేందుకు బాల్సా అనే తేలిక కర్రతో గేరు పిడి చేశారు. దాని జ్ఞాపకార్థం ఆ కంపెనీ 2003లో తయారీ మొదలుపెట్టిన కరేరా జీటీ కారుకు కూడా కర్ర పిడే పెట్టింది.

ఊడదీయడం, గీకడం

పిడి కింద బిగింపు నట్టు ఉంటే ముందుగా దాన్ని వదులు చేయాలి. తర్వాత పిడికి గుడ్డ చుట్టి చేత్తోనే తిప్పి ఊడదీయాలి. పటకారు పెడితే కర్ర మీద గాట్లు పడతాయి. నూనె పోస్తే కర్ర తాగి మరకలు పడుతుంది. పైన గేర్ల వరుస చూపే బిళ్ళ ఉంటే గీతలు పడకుండా దాని మీద టేపు అంటించాలి.

పాత వార్నీషును గాజు పెంకుతో మెల్లగా గీకి, ఉప్పు కాగితం పట్టాలి. మొదట 180 నంబరు, ఆపైన 240, చివరికి 400. ఎప్పుడూ కర్ర ఈనె వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే ఆ గీతలు పాలిష్ వేశాక బయటపడతాయి. ఏళ్ళ తరబడి చేతి ఒరిపిడికి పడిన పల్లాలను పూర్తిగా చదును చేయబోతే పిడి చిక్కిపోతుంది. వాటిని కొంత ఉంచడమే మేలు.

పగులు, మర

సన్నని పగులుకు అదే జాతి కర్ర పొట్టును జిగురులో కలిపి నింపాలి. వెడల్పు పగులైతే అదే కర్ర చీలికను అతికించాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది. అతికే ముందు స్పిరిట్‌తో తుడవకపోతే జిగురు సరిగా పట్టదు.

మర సంగతి ప్రాణంతో ముడిపడినది. గేరు మార్చే వేళ పిడి ఊడి చేతికి వస్తే డ్రైవరు చూపు రోడ్డు మీద నుంచి తప్పుతుంది. కనుక మర వదులైతే దారం చుట్టి బిగించి సరిపెట్టుకోరాదు. పాత రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, లోపల మర ఉన్న ఇత్తడి బుష్‌ను రెండు ట్యూబులు కలిపే జిగురుతో వంకర లేకుండా కూర్చాలి. రాత్రంతా ఆరనివ్వాలి. పాత ఇంగ్లీషు కార్లకు అంగుళాల లెక్క మరలు, మరికొన్నింటికి మిల్లీమీటర్ల లెక్క మరలు ఉంటాయి. కొలవకుండా బలవంతంగా తిప్పితే రాడ్డు మర కూడా పోతుంది.

లక్కా, అవిసె నూనా?

మెరుగుకు రెండు దారులున్నాయి. మొదటిది లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల మీద పెరిగే చిన్న పురుగు ఇచ్చే సరుకు ఇది. ఆంధ్రప్రదేశ్‌లోని అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మిషను మీద తిప్పుతూ, రంగు లక్కను ఆనించి, ఒరిపిడి వేడికే కరిగించి పూస్తారు. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గుండ్రని గేరు పిడికీ ఈ పద్ధతి నప్పుతుంది. కాకపోతే మన వేసవి ఎండలో నిలిపిన కారులో లక్క మెత్తబడవచ్చు.

రెండవది బజారులో దొరికే కాచిన అవిసె నూనె. గుడ్డతో పలుచగా రుద్ది, కాసేపటికి మిగిలినది తుడిచి, కనీసం ఒక రోజు ఆరనిచ్చి మళ్ళీ పూయాలి. నాలుగైదు పూతలు వేస్తే నిగారింపు వస్తుంది. తర్వాత గీత పడినా మరో పూతతో సరిపోతుంది. ఒక్క జాగ్రత్త మరువరాదు. ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళలో ముంచి ఉంచాలి.

పనివాడి ముంగిట

పిడి పనికిరానంతగా చెడితే దాన్నే ఆనవాలుగా పెట్టి కొత్తది తిప్పించవచ్చు. టేకు అడవులున్న ఈ ప్రాంతంలో అందుకు కొత్త దుంగ వెతకనక్కరలేదు. పాత టేకు తలుపు నుంచి మిగిలిన ముక్క చాలు. ట్రాక్టర్లు వచ్చి నాగళ్ళు తగ్గాక పల్లె వడ్రంగికి పని పలచబడింది. పిడికెడు కర్ర పని అతని కడుపు నింపకపోవచ్చు. అయితే బండి చక్రం చేసిన చేతికి కారు పిడి కూడా చేతనవునని నలుగురికీ తెలిస్తే, పాత కారు, జీపు ఉన్నవారు బజారుకు పోయే ముందు ఆ ముంగిట ఒకసారి ఆగుతారు.