కొండ కడుపులో ఊరు

ఒక మిత్రునితో కలిసి కారులో సుదూర ప్రయాణానికి బయలుదేరారనుకోండి. చోటు అమెరికాలోని కొలరాడో రాష్ట్రపు నైరుతి మూల. కార్టెజ్ అనే చిన్న పట్టణం దాటి కొద్దిదూరం వెళ్ళగానే, మైదానం మీద బల్ల పరచినట్లు ఓ ఎత్తైన పీఠభూమి కనబడుతుంది. దాని పేరు మెసా వర్డే. స్పానిష్ భాషలో ‘పచ్చని బల్ల’ అని అర్థం. మెలికల ఘాట్ రోడ్డు మీద ముప్పావు గంట ప్రయాణించి, కారు ఆపి, లోయ అంచుకు నడిచి కిందికి తొంగి చూస్తారు. ఆశ్చర్యం! కొండచరియ కడుపులో ఒక ఊరే ఉంది. గోడలు, కిటికీలు, నాలుగంతస్తుల గోపురం, గుండ్రని గుంటగదులు – అన్నీ ఒకే రాతి చూరు కింద!

ఇది ‘క్లిఫ్ ప్యాలెస్’. పేరులో ప్యాలెస్ ఉన్నా ఇందులో రాజెవరూ లేడు. సుమారు 150 గదులున్న ఈ కట్టడంలో ఓ వంద మంది దాకా నివసించి ఉంటారని అంచనా. మెసా వర్డే జాతీయ వనంలో ఇలాంటి చరియ ఇళ్ళు దాదాపు 600 ఉన్నాయి. 1978లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

నీరు తొలిచిన చోటు

“ఈ గుహను కూడా మన అజంతాలాగా మనుషులే తొలిచారా?” అని మీ మిత్రుడు అడుగుతాడు. లేదు. అజంతాలో, గుంటుపల్లిలో శిల్పులు ఉలితో కొండను తొలిచారు. ఇక్కడ కొండను తొలిచింది నీరు.

ఈ కొండ పైభాగం ఇసుకరాయి. సుమారు 8 కోట్ల సంవత్సరాల క్రితం సముద్రతీరంలో పేరుకున్న ఇసుకే గట్టిపడి ఇలా మారింది. ఇసుకరాయిలో సన్నని రంధ్రాలుంటాయి కనుక, వాననీరు, కరిగిన మంచు మెల్లగా దానిలోకి ఇంకుతాయి. కిందనున్న షేల్ పొర మాత్రం నీటిని దిగనివ్వదు. దిగే దారి లేని నీరు పక్కకు మళ్ళి, చరియ ముఖం మీద ఊటగా బయటపడుతుంది. ఆ ఊట ఇసుక రేణువులను అతికి ఉంచే సున్నపు పదార్థాన్ని కరిగిస్తుంది. చలికాలంలో నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. పగుళ్ళలోని మంచు మేకులా పనిచేసి రాతిని పెళ్ళలు పెళ్ళలుగా ఊడగొడుతుంది. వేల సంవత్సరాలు ఇలా జరిగితే చరియలో పెద్ద తొర్ర ఏర్పడుతుంది. పైన చూరు, వెనుక తాగేందుకు ఊటనీరు! ఇల్లు కట్టుకునేవారికి అంతకన్నా ఏం కావాలి?

సూర్యుడూ, గాలీ

క్లిఫ్ ప్యాలెస్ తొర్ర నైరుతి దిక్కుకు తెరచుకొని ఉంటుంది. శీతాకాలంలో సూర్యుడు దక్షిణాన తక్కువ ఎత్తులో ఉంటాడు కనుక ఎండ లోపలికంటా వస్తుంది. పగలు వేడెక్కిన రాయి రాత్రి ఆ వేడిని వదులుతుంది. వేసవిలో సూర్యుడు నడినెత్తికి చేరువలో ఉన్నప్పుడు రాతి చూరు నీడనిస్తుంది.

ఇక గుండ్రని గుంటగదుల సంగతి. వీటిని ‘కివా’లంటారు. పూజలకూ, సమావేశాలకూ వాడేవారు. పైకప్పులోని రంధ్రం గుండా నిచ్చెన మీద లోనికి దిగాలి. మరి నేల అడుగున నిప్పు రాజేస్తే పొగతో ఊపిరాడదు కదా? వారు దీనికొక ఉపాయం చేశారు. గోడ వెనుక పైనుంచి కిందికి ఒక గాలి గొట్టాన్ని కట్టారు. నిప్పు వేడికి తేలికైన గాలి పొగతో సహా పైకప్పు రంధ్రం గుండా పోతుంది. ఆ ఖాళీని నింపడానికి చల్లగాలి గొట్టం ద్వారా లోనికి వస్తుంది. అది సూటిగా నిప్పు మీదకు కొట్టకుండా మధ్యలో ఒక అడ్డుగోడ. మీరు బడిలో చదివే సంవహన ప్రవాహం ఇదే!

దూలాలు చెప్పిన తేదీలు

ఈ ఊరు కట్టినవారికి లిపి లేదు. మరి తేదీలు ఎలా తెలిశాయి? సమాధానం దూలాల్లో ఉంది. ఇక్కడి చెట్టు ఏటా ఒక వలయాన్ని పెంచుతుంది. వాన బాగా పడిన ఏడు వలయం వెడల్పు, కరవు ఏడు సన్నం. కొన్ని దశాబ్దాల వలయాల వరుస ఒక ప్రాంతానికి వేలిముద్ర వంటిది.

దీన్ని తేదీల లెక్కకు వాడినవాడు ఎ. ఇ. డగ్లస్. ఆయన ఖగోళ శాస్త్రవేత్త! సూర్యుని మచ్చలకూ వాతావరణానికీ సంబంధం వెదుకుతూ చెట్ల వలయాల వద్దకు వచ్చాడు. బతికున్న చెట్లతో మొదలుపెట్టి, పాత దూలాలను జతచేస్తూ వరుసను సుమారు 1260 దాకా వెనక్కు పొడిగించాడు. శిథిలాలలోని దూలాల నుంచి 585 ఏళ్ళ మరో వరుస దొరికింది. కాని అది ఏ శతాబ్దానికి చెందినదో తెలియదు. 1929 జూన్‌లో అరిజోనాలోని షోలో అనే ఊళ్ళో సగం కాలిన ఒక దూలం బయటపడింది. దాని వలయాలు 1237 నుంచి 1380 దాకా ఉన్నాయి. లోపలి వలయాలు పాత వరుసతో, బయటి వలయాలు కొత్త వరుసతో సరిపోయాయి. అంతే, రెండు వరుసలూ ఒకటయ్యాయి!

ఈ లెక్కన క్లిఫ్ ప్యాలెస్ 1190ల నుంచి 1260ల మధ్య కట్టినట్లు తేలింది. ఆ ప్రజలు పీఠభూమి మీద మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండిస్తూ సుమారు 550 నుంచీ ఉన్నారు. చరియలలో ఉన్నది మాత్రం చివరి వందేళ్ళ లోపే.

ఎక్కడికి పోయారు?

1300 నాటికి ఊళ్ళన్నీ ఖాళీ. వలయాలు ఇక్కడ కూడా సాక్ష్యం చెబుతాయి: 1276 నుంచి 1299 వరకు పెద్ద కరవు. అయితే కరవు ఒక్కటే కారణమా? అంతకు ముందు 12వ శతాబ్దంలో వచ్చిన దీర్ఘమైన కరవును వారు తట్టుకున్నారు. అంతటి కరవులోనూ కొంతమందికి సరిపడా పంట పండే నేల ఉండేదని కంప్యూటర్ లెక్కలు చూపాయి. చలి పెరగడం, అడవి తరగడం, జనం ఎక్కువై తగవులు రావడం, దక్షిణాన కొత్త సమాజాల ఆకర్షణ – ఇవన్నీ కలిశాయని చాలామంది పండితుల అభిప్రాయం.

వీరు ‘మాయమయ్యారు’ అని కొన్ని పుస్తకాల్లో చదువుతారు. అది తప్పు. వారు దక్షిణానికి వలసపోయారు. నేటి హోపీ, జూనీ, రియో గ్రాండే లోయలోని ప్యూబ్లో ప్రజలు వారి సంతతే. వారికిది శిథిలం కాదు, పూర్వీకుల ఇల్లు. 1888లో తప్పిపోయిన పశువులను వెదుకుతూ వచ్చిన ఇద్దరు గోపాలకులు క్లిఫ్ ప్యాలెస్‌ను ‘కనుగొన్నారని’ అంటారు గాని, యూట్ తెగవారికి ఈ చోట్లు ముందే తెలుసు. 1891లో గుస్టాఫ్ నార్డెన్‌షోల్డ్ అనే యువకుడు ఇక్కడ తవ్వి, వందల వస్తువులతో పాటు మృతుల అస్థికలను కూడా ఐరోపాకు తీసుకుపోయాడు. అవి ఫిన్లాండ్ జాతీయ మ్యూజియం చేరాయి. 2020లో 20 మంది అస్థికలు తిరిగివచ్చాయి. వారి వారసులు వాటిని మెసా వర్డేలోనే మళ్ళీ పూడ్చిపెట్టారు.

తిరుగు ప్రయాణంలో మీ మిత్రుడు ‘స్ప్రూస్ ట్రీ హౌస్’ కూడా చూద్దామంటాడు. దూరం నుంచే చూడాలి. చూరు నుంచి రాళ్ళు రాలడంతో 2015లో దాన్ని సందర్శకులకు మూసివేశారు. తొర్రను తొలిచిన నీరూ మంచూ తమ పని ఇంకా ఆపలేదు మరి!

మన దేశంలో చాలా చెట్లకు వలయాలు స్పష్టంగా ఉండవు, కాని టేకుకు ఉంటాయి. కేరళ టేకు వలయాల నుంచి మన శాస్త్రజ్ఞులు ఐదు శతాబ్దాల రుతుపవనాల తీరు తెలుసుకున్నారు. ఈసారి కలప అడితి పక్కగా వెళ్ళినప్పుడు కోసిన టేకు దుంగ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. బయటి అంచు నుంచి లోపలికి లెక్కపెట్టండి. సన్నని వలయం వేలికి తగిలితే, ఆ ఏడు ఎక్కడో ఒక రైతు ఆకాశం కేసి చూస్తూ గడిపాడన్నమాట.