దేవుడి పనుల్లో పడి...

తిరుమల గురించి ఒక చిన్న వార్త తెలుగు పత్రికల్లో దాదాపు రోజూ వస్తుంది. నిన్న శ్రీవారిని దర్శించుకున్నవారు ఇన్ని వేలు, తలనీలాలు సమర్పించినవారు ఇంతమంది, హుండీ ఆదాయం ఇన్ని కోట్లు, సర్వదర్శనానికి పడుతున్న సమయం ఇన్ని గంటలు. కొండకు బయల్దేరేవాళ్లకు అది పనికొచ్చే వార్తే. రాసేవాళ్లను తప్పు పట్టడానికీ లేదు. లెక్కకు అందినవే కదా ఎవరైనా రాయగలిగేది! చిత్రమేమిటంటే, కొండ దిగి ఇంటికొచ్చిన మనం కూడా ఆ నాలుగు సంగతులే చెప్పుకుంటాం.

"దర్శనం బాగా అయిందా వదినా?"

"మూడు గంటల్లో బయటపడ్డాం. శనివారమైనా కంపార్ట్‌మెంట్లు ఖాళీగానే ఉన్నాయి. రూమ్ దగ్గరే కాస్త ఇబ్బందైంది. ఇదిగో, ప్రసాదం తీసుకో."

ఇలా మాట్లాడేవాళ్లకు భక్తి లేదనలేం. పిల్లల్ని చంకనేసుకుని అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినవాళ్లూ ఇలాగే చెబుతారు. అంత కష్టపడి వెళ్లింది ఎవరికోసమో, ఆయన ఊసు మాత్రం లడ్డూ ముక్కతో సరి.

దేవుణ్ణి మరిచేవాడు నాస్తికుడని లోకం అనుకుంటుంది గానీ, పాపం ఆయన మరవడానికి వీల్లేదు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా జీవితమంతా దేవుడి గురించే మాట్లాడారు. గాంధీజీతోనూ ఆ సంగతే చర్చించి పుస్తకంగా తెచ్చారు. లేడని చెప్పాలన్నా రోజూ తలుచుకోక తప్పదు మరి. ఉన్నాడని నమ్మినవాడికి ఆ బెడద లేదు. ఉన్నాడు కదా, ఎక్కడికి పోతాడు! ఈ ధీమాతోనే మరుపు మొదలవుతుంది. గుడి మానేసిన నాడు మొదలైతే ఇంట్లోవాళ్లయినా కనిపెట్టి అడిగేవారు. దీపం పెడుతూ, ఉపవాసాలుంటూ, మొక్కులు తీరుస్తూ ఉండగానే జరుగుతుంది కాబట్టి ఎవరి కంటా పడదు.

ఇది ఒక్క మతానికి పట్టిన జబ్బు కూడా కాదు. బైబిల్‌లో ద్వితీయోపదేశకాండం ఎనిమిదో అధ్యాయం చూడండి. మోషేకు ఇశ్రాయేలీయులు అరణ్యంలో పడ్డ ఆకలి గురించి బెంగ లేదు. తిని తృప్తిపడి, మంచి ఇళ్లు కట్టుకుని, మందలు పెరిగాక తమను ఐగుప్తు నుంచి తెచ్చిన దేవుణ్ణి మరుస్తారేమోనన్నదే ఆయన భయం. మన ఆపదమొక్కులవాడి దగ్గర వ్యవహారం ఇంకాస్త పకడ్బందీగా సాగుతుంది. ఆపద గట్టెక్కాక మనవాళ్లు మొక్కు ఎగ్గొట్టరు. నిలువుదోపిడీ అంటే ఒంటి మీది నగలన్నీ వలిచి హుండీలో వేస్తారు. స్వామే కుబేరుడికి వడ్డీ కడుతున్నాడని చెప్పుకునే చోట మన బాకీ మనం ఉంచుకోకూడదు కదా. బాకీ తీరింది, ఖాతా మూసేశాం. మళ్లీ అవసరం పడేదాకా ఆయనతో పనిలేదు.

గడప దగ్గర

తిరుమల గర్భాలయం గడపను కులశేఖరపడి అంటారు. కులశేఖరాళ్వారు మహారాజై ఉండీ, ఈ కొండ మీద స్వామి గుమ్మంలో మెట్టుగా పడి ఉంటే చాలు, ఆయన మోము చూస్తూ ఉండిపోతానని వేడుకున్నాడు. ఆ కోరిక వల్లే గడపకు ఆయన పేరు వచ్చింది. ఆ రాజు అడిగింది ఎడతెగని చూపు. మామూలు భక్తుడికి దొరికేది దూరంగా జయవిజయుల దగ్గర నుంచి కొన్ని క్షణాలు, అదీ "జరగండి, జరగండి" అన్న కేకల మధ్య. వెనకాల వేలమంది ఉన్నప్పుడు ఆ తోపు తప్పదు. కానీ ఆ కాసిని క్షణాలనూ మనం ఏం చేస్తున్నాం? గంటలకొద్దీ కంపార్ట్‌మెంట్‌లో కూర్చుని గేటు ఎప్పుడు తీస్తారన్న చర్చ చేస్తాం. తీయగానే పరుగు. తీరా ఎదుటికి వచ్చేసరికి చాలామంది భక్తిగా కళ్లు మూసుకుని కోరికలు అప్పజెప్పడం మొదలుపెడతారు. అమ్మాయి పెళ్లి దాటి అబ్బాయి ఉద్యోగం దగ్గరికి వచ్చేలోపు సేవకులు చెయ్యి పట్టి పక్కకు పంపేస్తారు. చూడ్డానికి వెళ్లినవాళ్లు చూడకుండానే బయటికొస్తారు. ఇక బ్రేక్ దర్శనం వాళ్ల గొడవ వేరు. లెటర్ ఏ మంత్రిగారిదన్నదే అక్కడ సగం దర్శనం.

ఈ ఆత్రం ఎంతదూరం పోగలదో 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో చూశాం. వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. వైకుంఠద్వారమంటే గర్భాలయం చుట్టూ ఉన్న ప్రదక్షిణ మార్గానికి తెరిచే తలుపు. ఒకప్పుడు ఏకాదశికీ ద్వాదశికీ, రెండు రోజులే తీసేవారు. 2020 డిసెంబరు నుంచి పది రోజులు చేశారు. ఆ పది రోజులూ లోపల ఉండేది మిగతా రోజుల్లో ఉండే మూర్తే. పోయినవాళ్లను అనే మాట కాదిది. ఆ టోకెను మోక్షానికి టికెట్టని ఊరూవాడా నూరిపోసింది మనమందరం.

అరలో పాటలు

తాళ్లపాక అన్నమాచార్యులు ముప్పై రెండు వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి. కొడుకూ మనవడూ కూడా రాశారు. వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలోనే, హుండీకి ఎదురుగా ఉన్న చిన్న రాతి అరలో భద్రపరిచారు. భద్రంగానే ఉన్నాయి, ఎంత భద్రంగా అంటే కొన్ని వందల ఏళ్లు వాటి మాటే లోకానికి గుర్తు రాలేదు. తరాల తరబడి భక్తులు ముడుపులు పట్టుకుని ఆ అర పక్కనుంచే హుండీ దగ్గరికి నడిచారు. 1920ల్లో రేకులు వెలుగు చూశాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివాళ్లు ఒక్కొక్కటే చదివి అచ్చువేయించారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కొన్నిటికి స్వరాలు కూర్చారు. ఇప్పుడు ఇంటింటా వినిపించే అన్నమయ్య అలా తిరిగొచ్చినవాడే.

ఈ కథలో నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది ఇంకొకటుంది. పాటలు అరలో పడి ఉన్నా, తాళ్లపాకవారి మర్యాద మాత్రం గుడిలో పోలేదు. రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి ముత్యాలహారతి అని ఆనవాయితీ. స్వామిని నిద్రపుచ్చే వంతు నిలిచే ఉంది, వేల పాటలు పది అడుగుల్లో చీకట్లో ఉన్నాయి.

పాటల దగ్గరే కాదు, ప్రసాదం దగ్గరా ఇదే మరుపు. హైదరాబాదు బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలం సంగతి అందరికీ తెలిసిందే. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2025లో 35 లక్షలు పలికింది. ఆ డబ్బు ఊరి పనులకు వాడతారు, సంతోషమే. మర్నాడు పేపర్లో ఫొటో మాత్రం లడ్డూ నెత్తిన పెట్టుకున్నవాళ్లదే.

డబ్బును తీసేస్తే దారికొస్తుందా అంటే, హైదరాబాదు శివార్లలోని చిలుకూరు బాలాజీ గుడి ఆ ప్రయత్నం చేసింది. అక్కడ హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. పదకొండు ప్రదక్షిణలు చేసి కోరిక చెప్పుకుంటారు, తీరాక వచ్చి నూట ఎనిమిది చేస్తారు. అమెరికా ప్రయాణాల పుణ్యమా అని వీసా బాలాజీ అన్న పేరూ వచ్చింది. అక్కడ చేతుల్లో అంకెల గళ్లున్న కాగితం, పెన్ను కనిపిస్తాయి. చుట్టుకో టిక్కు.

"నీదెన్నోది?"

"అరవై మూడు. మీరింకా అరవై ఒకటే ఏమిటండీ? నాతోనే కదా మొదలెట్టారు?"

డబ్బు పోయి లెక్క వచ్చింది. గడి తప్పుతుందేమోనని చూపంతా కాగితం మీదే.

వీటికి నవ్వుకోవచ్చు. నవ్వలేనిది మరొకటుంది. గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' రాశారు. గుడిలోకి రానివ్వని మనిషి, అడ్డులేకుండా లోపలికి పోగల గబ్బిలాన్ని పిలిచి, పూజారి దగ్గర లేని సమయం చూసి తన గోడు శివుడి చెవిన వేయమంటాడు. ఆ కావ్యంలో దేవుడితో మాట్లాడాలని తపించేవాడు బయటే నిలబడి ఉన్నాడు. ఆ రోజుల్లో గుడి లోపల ఏ లోటూ లేదు. అభిషేకం వేళకే జరిగింది, నైవేద్యం వేళకే పెట్టారు, మంత్రంలో స్వరం తప్పలేదు. ఎదుట ఉన్నదెవరో గుర్తుంటే గుమ్మంలో మనిషిని ఆపడానికి చేతులెలా వస్తాయి? ఆపినవాళ్లు నిత్యం మడి కట్టుకున్నవాళ్లే. ఆ తలుపుల కోసం పోరాడిన భక్తులూ ఉన్నారు. అయినా మద్రాసు రాష్ట్రంలో గుళ్లోకి వెళ్లే హక్కు అందరికీ దక్కడానికి 1947లో ఆలయ ప్రవేశ చట్టం రావాల్సి వచ్చింది.