బిడ్డ మాట వినువారు

కౌన్సెలింగు అను మాట మన తెలుగునాట అడుగుపెట్టిన ద్వారము మంచిది కాదు. ఎంసెట్ వ్రాసిన పిల్లలు ర్యాంకు కార్డు చేతబట్టుకొని, సర్టిఫికెట్ల కట్టతో బారులు తీరి, ఏ కళాశాలలో ఏ బ్రాంచిలో సీటు మిగిలినదో చూచి అప్పటికప్పుడు తేల్చుకొనవలసిన తంతునకు మనము కౌన్సెలింగు అని పేరు పెట్టితిమి. పోలీసు స్టేషనులో రౌడీషీటర్లను వరుసగా నిలువబెట్టి హెచ్చరించుటయు కౌన్సెలింగే అయినది. ఆలుమగల తగవు తీర్చుటయు అదియే అయినది. అందుచేతనే "మీ అబ్బాయి విషయం కౌన్సెలర్ గారు మాట్లాడాలంటున్నారు" అని బడినుండి కబురు వచ్చినచో తల్లి గుండె ఝల్లుమనును. బిడ్డ ఏదో తప్పు చేసెననియో, వానికి మనసు చెడెననియో ఆమె భయపడును. పాఠశాలలో కౌన్సెలరు చేయు పని వీటిలో ఏదియు కాదు. పెరుగుచున్న బిడ్డ చెప్పుకొనలేని మాటను ఓపికతో విని, వాని ముందున్న దారులను వానికే కనబడునట్లు చేయుట ఆ పని.

గన్నవరము నుండి బెజవాడకు పోవు జాతీయ రహదారి వెంట, కేసరపల్లి దాటి గూడవల్లి, నిడమానూరుల మీదుగా ప్రయాణించు వారికి, ఒకప్పుడు వరిచేలు, తోటలు కనిపించిన తావులలో నేడు అంతస్తులపై అంతస్తులు లేచిన కళాశాలలును వసతిగృహములును కనిపించును. ఆదివారము ఔటింగునాడు అట్టి ఒక గేటు ముందర నేను కొంతసేపు నిలిచియుంటిని. పల్లెనుండి తెల్లవారుజామున బయలుదేరి వచ్చిన ఒక తల్లి చెట్టునీడలో పాత చీర పరచి, నాలుగు గిన్నెల క్యారియర్ విప్పి, ముద్దపప్పులో నెయ్యి వేసి కలిపి కొడుకు ముందర పెట్టినది. వాడు మొదటి ముద్ద నోట పెట్టుకొనకమునుపే తండ్రి అడిగినాడు: "వీకెండ్ టెస్టులో ఎంతొచ్చిందిరా?" కుఱ్ఱవాని చేయి కంచములోనే నిలిచిపోయినది. "తిననివ్వండి ముందు" అని తల్లి మెల్లగా అన్నది. ఆ తండ్రి కఠినుడు కాడు. ఫీజు కొఱకు ఎంత అప్పు చేసెనో వాని ముఖమే చెప్పుచుండెను. కాని ఆ అరగంట కాలములో ఆ బిడ్డను "ఎట్లున్నావురా?" అని అడిగినవారు లేరు. అడుగవలెనని తోచక కాదు, అడుగుట ఎట్లో ఎవరును వారికి నేర్పలేదు.

ఈ ప్రశ్న అడుగుటయే విద్యగా నేర్చినవాడు కౌన్సెలరు. అమెరికా మనస్తత్త్వవేత్త కార్ల్ రోజర్స్ 1942లో వెలువరించిన గ్రంథముతో ఈ వృత్తికి ఒక క్రొత్త నడక వచ్చినది. సలహాలు కుమ్మరించుటకంటె, ఎదుటివానిని తీర్పు తీర్చక, ఉన్నవానిని ఉన్నట్లు గౌరవించి, వాని మాటను మనసు పెట్టి వినినచో, వాడు తన చిక్కును తానే విప్పుకొనగల శక్తి కలవాడగునని ఆయన నమ్మెను. విన్నంతమాత్రమున ఏమగునని మనవారు అడుగుదురు. పదిహేనేండ్ల బిడ్డకు భయమును, సిగ్గును, అసూయయు, కోపమును ఒక్కటే ముద్దయై కడుపులో తిరుగుచుండును. "నాకు చదువు ఎక్కడంలేదు" అని వాడనునది ఒక్కొక్కప్పుడు "నాకు రాత్రిపూట నిద్ర పట్టుటలేదు" అనియు, మరొకప్పుడు "ఏ సెక్షనుకు మార్తురోయని భయముగా నున్నది" అనియు అర్థము. ఆ ముద్దను విడదీసి ప్రతిదానికి దాని పేరు పెట్టగలిగిన దినమున బిడ్డకు సగము బరువు దిగును. తన మనసులోని దానికి పేరు పెట్టగలుగుట, కోపము వచ్చినప్పుడు ఒక్క క్షణము ఆగగలుగుట, సాయము కావలెనని నోరు విప్పి అడుగగలుగుట — ఇవి పుట్టుకతో వచ్చునవి కావు, నేర్పగా వచ్చునవి. గుణింతము ఎట్లు నేర్పుదుమో ఇవియు అట్లే నేర్పవలెను.

కౌన్సెలరు గదిలో బిడ్డ చెప్పిన మాట గది దాటి పోరాదు. బిడ్డ ప్రాణమునకో, మరొకరి ప్రాణమునకో ముప్పు తోచినప్పుడును, బిడ్డ ఎవరిచేతనైనను హింసకు గురియగుచున్నాడని తెలిసినప్పుడును తక్క, కౌన్సెలరు ఆ మాటను ఉపాధ్యాయునికి గాని, ప్రిన్సిపాలునకు గాని చెప్పరాదు. ఈ మినహాయింపును మొదటి దినముననే బిడ్డకు తెలుపవలెను. ఈ ఒక్క నియమము చెడినచో తక్కిన విద్యయంతయు వ్యర్థము. మార్కులు వేయు చేతులకే మనసు విప్పుమనుట పిల్లలకు సాధ్యము కాదు గనుకనే, ఎంత మంచి ఉపాధ్యాయుడైనను కౌన్సెలరు స్థానమును పూర్తిగా పూరింపజాలడు. అట్లని కౌన్సెలరు వైద్యుడును కాడు. దీర్ఘకాలపు విచారము, తన్ను తాను గాయపరచుకొనుట వంటివి కనిపించినప్పుడు బిడ్డను మానసిక వైద్యునియొద్దకు చేర్చుటయే ఆయన విధి.

భవిష్యద్వృత్తిని చూపుటయు ఈ పనిలోనిదే. చరిత్రలో ముందు పుట్టినది నిజమునకు ఇదియే. 1908లో బోస్టన్ నగరమున ఫ్రాంక్ పార్సన్స్ అనునతడు వృత్తి మార్గదర్శక కార్యాలయమును స్థాపించి, తన్ను తాను తెలిసికొనుట, పనులను గూర్చి తెలిసికొనుట, ఈ రెంటిని పొందుపరచి యోచించుట అను మూడు మెట్లు చెప్పెను. మన దేశమున 1952–53 నాటి మొదలియార్ కమిషను, మాధ్యమిక పాఠశాలలలో విద్యార్థులకు మార్గదర్శనము ఉండి తీరవలెనని సిఫారసు చేసెను. డెబ్బదియేండ్లు గడచినవి. మన జిల్లాపరిషత్ ఉన్నత పాఠశాలలలో ఈ పని నేటికిని ఎవరో ఒక సైన్సు మాస్టారి సహృదయతపై ఆధారపడి నడచుచున్నదన్నచో, ఆ మాస్టార్లకు నమస్కరింపవలసినదే గాని, వ్యవస్థ ఏర్పడినదని తృప్తిపడరాదు.

పదవ తరగతి పిల్లలను పెద్దయి ఏమి కాదలచితిరని అడిగి చూడుడు: డాక్టరు, ఇంజనీరు, సాఫ్ట్‌వేర్, పోలీసు — ఇంతటితో జాబితా ముగియును. గన్నవరమున ఇట్లు ముగియుట నాకు మిక్కిలి బాధ కలిగించును. ఏలయనగా వృత్తులను గూర్చి ఈ ఊరే ఒక పాఠ్యపుస్తకము. తలమీదుగా విమానములు దిగుచుండును. వాని రాకపోకలను నియంత్రించువారు గణితము, భౌతికశాస్త్రము చదివి బి.ఎస్సి. పట్టా పొందినను ఆ ఉద్యోగపు పరీక్షకు కూర్చుండవచ్చునని ఈ పిల్లలలో ఎందఱకు తెలియును? చేరువనే సూరంపల్లిలోని సీపెట్ సంస్థలో పదవ తరగతి తరువాతనే ప్లాస్టిక్ అచ్చుల సాంకేతికములో డిప్లొమా కలదు. కొండపావులూరున జాతీయ విపత్తు స్పందన దళపు పదవ బెటాలియన్ కలదు. వరదలు వచ్చినప్పుడు పడవలపై కనిపించు వారిలో అక్కడివారును ఉందురు. నూజివీడున 2008లో ఆరంభమైన ట్రిపుల్ ఐటీ పదవ తరగతి మార్కులతో పల్లె పిల్లలను ఆరేండ్ల చదువునకు చేర్చుకొనుచున్నది.

అన్నిటికంటె నన్ను కదల్చునది పశువైద్య కళాశాల. ఎన్టీఆర్ పేరిట ఊరిలోనే అది యున్నది. గేదె ఈనునప్పుడు రాత్రియంతయు లాంతరు పట్టుకొని కూర్చుండి, దూడ కాళ్ళు కనబడగానే తాతను లేపగలిగిన ఆడపిల్లలు ఈ మండలపు పల్లెలలో నేటికిని ఉన్నారు. పొదుగువాపును చేతితో తాకి చెప్పగలిగిన అట్టి పిల్లకు, తాను చేయుచున్నది అయిదున్నరేండ్ల పట్టా చదువునకు పునాది యనియు, దానికి నీట్ వ్రాయవలెననియు, బైపీసీ తీసికొనవలెననియు చెప్పువారు లేక, అందఱితో పాటు ఆమెను ఎంపీసీలో చేర్తురు. ఆసక్తి ఒక దిక్కునకు, చదువు మరొక దిక్కునకు లాగుచుండగా రెండేండ్లలో ఆమె తనకేమియు రాదని నమ్మును. లేనిది చదువు కాదు, దారి చూపు వేలు. కౌన్సెలరు ఆమెతో రెండు గంటలు కూర్చుండి, నీకు ఏ పనిలో కాలము తెలియదని అడిగియున్నచో ఆ మాట బయటపడియుండెడిది.

బిడ్డ మనసు వినుట, వృత్తిని చూపుట అను రెండు పనులను వేరువేరుగా చూచుట పొరపాటనుటకు కారణము ఇదియే. దారి ఒక్కటే యని నమ్మించి పెంచిన బిడ్డకు ఆ దారి మూసికొనినప్పుడు దిక్కు తోచదు. 2022లో దేశమున 13,044 మంది విద్యార్థులు బలవన్మరణము పొందిరని జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలు చెప్పుచున్నవి. వీరిలో పరీక్ష తప్పినవారు మాత్రమే లేరు. కారణములు అనేకములు, ఒక్కొక్క బిడ్డది ఒక్కొక్క కథ. మన ప్రాంతమున ఈ దుఃఖము క్రొత్తది కాదు. ఉమ్మడి రాష్ట్రకాలముననే నీరదారెడ్డి సంఘము, ఆ పిదప ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి సంఘము జూనియర్ కళాశాలల విద్యార్థుల మరణములను విచారించినవి. తుదకు, విశాఖపట్నమున నీట్ శిక్షణలో నున్న ఒక బాలిక మృతికి సంబంధించిన వ్యాజ్యములో, 2025 జులై 25న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతా దేశమంతటికిని వర్తించు మార్గదర్శకములను ప్రకటించిరి. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హత గల ఒక కౌన్సెలరునైనను నియమింపవలెను. మార్కులను బట్టి పిల్లలను సెక్షనులుగా విడదీయుట, అందఱి యెదుట అవమానించుట మానవలెను. సిబ్బందికి ఏడాదికి రెండు పర్యాయములు శిక్షణ ఉండవలెను. తల్లిదండ్రులను, విద్యార్థులను కూర్చుండబెట్టి వృత్తిమార్గములను గూర్చి క్రమముగా తెలుపవలెను. చూడుడు: మనసును, వృత్తిని న్యాయస్థానము ఒకే కాగితమున వ్రాసినది. మన తీరమున రాలిన ఒక పసిప్రాణము వలన వచ్చిన ఆదేశమిది; దానిని అందఱికంటె ముందుగా పాటింపవలసిన బాధ్యత మనది.

కౌన్సెలరు లేని పల్లెబడి పిల్లలకు గాని, వారి తల్లిదండ్రులకు గాని అప్పటికప్పుడు మాట సాయము కావలసినచో టెలీ మానస్ 14416 కు పగలనక రాత్రియనక ఫోను చేయవచ్చును. తెలుగులోనే మాటలాడుదురు, రుసుము లేదు. ఆ సంఖ్యను బడి గోడపై, మధ్యాహ్న భోజన పట్టిక ప్రక్కన వ్రాయించుటకు ఒక డబ్బా రంగు చాలును.

మొన్న గన్నవరము చేరువనున్న ఒక ఉన్నత పాఠశాలకు పోయినప్పుడు, తొమ్మిదవ తరగతి పిల్లలకు మాస్టారు వృత్తులను గూర్చి చెప్పుచుండిరి. విమానమొకటి బడి కప్పుమీదుగా దిగినది; ఆ హోరులో పాఠము ఆగినది; పిల్లలందఱు కిటికీ వైపు తలలు త్రిప్పిరి. హోరు తగ్గిన పిదప వెనుక బెంచీనుండి ఒక బాలిక లేచి, "మాస్టారూ, అది సరిగ్గా దిగిందో లేదో కింద నుంచి చూసేవాళ్ళు ఏం చదువుతారండీ? అమ్మాయిల్ని తీసుకుంటారా?" అని అడిగినది. మాస్టారు ఒక క్షణము తటపటాయించి, "తీసుకుంటారమ్మా. ఏం చదవాలో మాత్రం రేపు కనుక్కుని చెబుతాను" అని, మరువకుండుటకై హాజరుపట్టీ వెనుక పుటలో ఆ ప్రశ్నను, దానిక్రింద ఆమె పేరును వ్రాసికొనిరి.