సొంత జట్టు లేని చోట అభిమానం ఎవరి వైపు?

విశాఖపట్నం: 2024 మార్చి 31న పోతినమల్లయ్యపాలెంలోని ఏసీఏ-వీడీసీఏ మైదానంలో జరిగిన ఐపీఎల్ మ్యాచ్‌కు కాగితాల మీద ఆతిథ్య జట్టు ఢిల్లీ. గ్యాలరీల్లో మాత్రం ఎటు చూసినా చెన్నై పసుపు రంగే. 192 పరుగుల లక్ష్యం చేజారిపోతున్న దశలో బ్యాటింగ్‌కు దిగిన మహేంద్రసింగ్ ధోని 16 బంతుల్లో అజేయంగా 37 పరుగులు చేశాడు. చెన్నై 20 పరుగుల తేడాతో ఓడింది. జనం హోరు మాత్రం గెలిచిన జట్టుకు దక్కేదానికి ఏమాత్రం తీసిపోలేదు.

దీనికి పాత బంధం ఒకటుంది. 2005 ఏప్రిల్ 5న ఇదే మైదానంలో పాకిస్థాన్‌పై 148 పరుగులు చేసి ధోని తన తొలి అంతర్జాతీయ శతకం సాధించాడు. అప్పటికి అతడు ఆడినవి అయిదు వన్డేలే. ఆనాడు గ్యాలరీలో గంతులేసిన కుర్రాళ్లు ఇప్పుడు పిల్లల తండ్రులు. వారి ఇళ్లలో చెన్నై అభిమానం వారసత్వంగా వచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

లీగ్ రాక ముందు ఈ చిక్కే లేదు. పల్లెలో ఒక ట్రాన్సిస్టర్ చుట్టూ పదిమంది చేరితే అందరిదీ ఒకే పక్షం, భారత జట్టు. 2008లో ఐపీఎల్ మొదలైన తర్వాతే ఒకే టీవీ ముందు కూర్చున్నవారు రెండు పక్షాలయ్యారు. తండ్రి సచిన్ కోసం ముంబయి వైపు, కొడుకు కోహ్లి కోసం బెంగళూరు వైపు. కుర్రాడు ఏ జట్టును ఎంచుకోవాలన్నది చాలాసార్లు అన్నయ్యో, బడిలో పక్కన కూర్చునే స్నేహితుడో తేలుస్తారు. సినిమా కథానాయకుల అభిమాన సంఘాలకు అలవాటుపడిన నేల ఇది. ఇక్కడ ముందు మనిషి, ఆ తర్వాతే జట్టు.

హైదరాబాద్ మనదేనా?

ఉమ్మడి రాష్ట్రంలో డెక్కన్ ఛార్జర్స్‌ను తమదిగా భావించడానికి ఎవరూ సందేహించలేదు. 2008లో 14 మ్యాచ్‌లకు రెండే గెలిచి అట్టడుగున నిలిచిన ఆ జట్టు, మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో విజేత అయింది. 2012లో అది రద్దు కాగా 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయింది. పేరులో హైదరాబాద్ ఉన్న జట్టుతో ఉత్తరాంధ్ర అభిమానికి గల బంధుత్వం ఏమిటన్న ప్రశ్న అప్పుడే మొదలైంది.

దానికి సమాధానం మైదానమూ చెప్పలేదు. 2015లో సన్‌రైజర్స్ తమ సొంత మ్యాచ్‌లు కొన్నింటిని విశాఖలోనే ఆడింది. 2016లో మహారాష్ట్ర కరవు కారణంగా ముంబయి, పుణె జట్ల మ్యాచ్‌లు ఇక్కడికి తరలాయి. ఆ మేలో హైదరాబాద్ మన ఊరికే అతిథిగా వచ్చి ఆ రెండు జట్లనూ ఓడించింది. 2024, 2025ల్లో ఇక్కడ ఆతిథ్యం ఢిల్లీది. ఆటగాళ్ల సంగతీ అంతే. తెలుగువాడైన అంబటి రాయుడు ముంబయి, చెన్నైలతో మూడేసి టైటిళ్లు అందుకున్నాడు గానీ ఐపీఎల్‌లో హైదరాబాద్‌కు ఎన్నడూ ఆడలేదు. 2025 ఏప్రిల్ 6న హైదరాబాద్ బిడ్డ సిరాజ్ గుజరాత్ తరఫున ఉప్పల్‌లో నాలుగు వికెట్లు తీసి హైదరాబాద్‌నే దెబ్బతీశాడు. స్థానికత ఒక్కటే లెక్క అయితే ఆ రోజు ఎవరికి చప్పట్లు కొట్టాలి?

నిజానికి ఈ తికమకే కాలక్షేపానికి ఊతం. టీ దుకాణం ముందు అందరిదీ ఒకే జట్టయితే మాట పది నిమిషాల్లో అయిపోతుంది. ఓడినవాడిని మరునాడు ఏడిపించడం, వాడు పాత లెక్కలు తవ్వి బదులివ్వడం, చివరకు టీ డబ్బులు వాడి చేతే ఇప్పించడం వేసవి సాయంత్రాలకు సరిపడా సరుకు. ఏడాదంతా పలకరించుకోని ఇరుగుపొరుగు కూడా ఆ రెండు నెలలూ స్కోరు అడిగే నెపంతో మాట కలుపుతారు.

చెడేదల్లా పందెం దగ్గరే. టీ పందెం వేలకు పాకితే ఓడింది జట్టు కాదు, స్నేహం. అప్పు చేసినవాడు ముందుగా మానేసేది ఆ దుకాణానికి రావడమే. 2020లో రాష్ట్ర ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించినా, చేతిలోని ఫోను మీద నిఘా పెట్టవలసింది ముందుగా ఇంటివారే.

2025 మార్చి 30న సన్‌రైజర్స్ మళ్లీ విశాఖకు అతిథిగానే వచ్చింది. ఆ జట్టులో విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డి ఉన్నాడు. అంతకు మూడు నెలల ముందే మెల్‌బోర్న్ టెస్టులో శతకం చేసినవాడు. స్టార్క్ బౌలింగ్‌లో అతడు అవుటైనప్పుడు, ఢిల్లీ ఆడుతున్నది తమ ఊళ్లోనే అయినా, ఆ వికెట్‌కు మనసారా సంతోషించగలిగిన విశాఖవాసులు ఎందరుంటారు?